అమీన్ సాబ్ అంటే ఎవరు?

మా చిన్నప్పుడు అన్నం తిననని మొండికేస్తే అవ్వ ఒకటే మాట అనేది... "అగో, అమీన్ సాబొస్తుండు, పట్టుకపోతడు!"

మా బోధన్‌లో పెద్దవాళ్లు ఠాణా ఎస్సైని అలాగే పిలిచేవాళ్లు. ఆ మాట వినపడితే చాలు... మా చెల్లె లక్ష్మి ముద్దను నమలకుండానే మింగేసేది.

ఒక అంగడి రోజు అవ్వ దాన్ని వెంట తీసుకుపోయింది. మిరపకాయలు బేరమాడి తిరిగి చూసేసరికి పిల్ల లేదు. అవ్వ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది... బాపు ఠాణాకు ఉరికాడు. అమీన్ సాబే జవాన్లను వెంటేసుకుని వచ్చి, "లక్ష్మీ... లక్ష్మీ..." అని పిలుస్తూ అంగడంతా తిరిగాడు.

ఆయన పిలిచినకొద్దీ అది ఇంకా లోపలికి నక్కిందని మాకేం తెలుసు!

పొద్దుగూకే వేళకు, ఆగి ఉన్న చెరుకు బండి కింద దొరికింది. బాపు ఎత్తుకుంటే, వెనకాల ఖాకీ బట్టలు చూసి కట్టెలా బిగుసుకుపోయింది. "అన్నం తింట... తింట..." అదొక్కటే మాట.

అమీన్ సాబ్‌కు అర్థమైంది. టోపీ తీసి చంకలో పెట్టుకుని దూరం జరిగాడు.

తర్వాత వచ్చిన జ్వరం తగ్గింది... ఆ భయంతో పట్టుకున్న నత్తి మాత్రం ఉండిపోయింది.

పక్కింటి ఖైరున్ ఖాలా చూడ్డానికొచ్చి, అవ్వ పక్కన కూర్చుంది.

"అమీన్ అంటే ఏందో ఎర్కనా అవ్వా? నమ్మకస్తుడు. మన సామాన్ ఒకరి దగ్గర అమానత్ పెడ్తం గదా... దాన్ని పైలంగ కాపాడేటోడు. అరబ్బీ మాట గది."

అవ్వ లక్ష్మి వైపు చూసింది.

"గంత మంచి మాటనా... బూచోన్ని జేస్తినా నేను?"

ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో... "ఆయన మంచోడు బిడ్డా, నిన్ను అంగడంతా దేవులాడిండు" అని. లక్ష్మి చెవులు మూసుకునేది. ఆ బాధతోనే అవ్వ పోయింది.

లక్ష్మి ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటుంది. ఆ మాటకు అర్థం తెలుసు. అయినా బజార్లో ఖాకీ కనపడితే నాలుక తడబడుతుంది.

ఇప్పుడు అందరూ ఎస్సై అనే అంటున్నారు. అమీన్ సాబ్ అని పిలిచేవాళ్లు లేరు... ఆ మాటను ప్రేమగా పలకడం మాకు చేతనవ్వకముందే అది వెళ్లిపోయింది.

మీ వైపు పోలీసులను ఏమని పిలిచేవాళ్లు? దాని అర్థం మీకెవరైనా చెప్పారా... లేక మీకూ భయమే చెప్పారా?