మొల కొట్టని చెప్పులు

చెప్పులు కుట్టే కాక పోయాడు. ఆ కబురు ఆయన ఫోను నుంచే వచ్చింది. ఆదివారం పొద్దున కాక నంబరు కనిపించగానే ఎప్పటిలాగే "చూసుకున్న కాకా, మంచిగనే ఉంది" అంటూ ఎత్తాను. అవతల ఆడగొంతు పలికింది.

"నేను ఆయన బిడ్డను. నాయిన తెల్లారంగ పోయిండు. ఫోన్ల ఉన్న నంబర్లన్నిటికి చెప్తున్న. మీది 'కోరుట్ల ఎడమకాలు' అని రాసి ఉన్నది. మీరెవరో నాకు తెల్వది."

ఇరవై రెండేళ్ల పరిచయం మాది. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం "గిరాకినమ్మా" అని. పిల్లలకు అబద్ధాలాడొద్దని చెప్పి జీతం తీసుకునే పంతులమ్మను. నేనన్నది అబద్ధం కూడా కాదు. అయినా ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు.

మాది సిరిసిల్ల. ముందు గదిలో మరమగ్గాలు, వెనక గదిలో మేము. బీఎడ్ చదివేటప్పుడు నా పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ లేచింది. దురద లేదు, నొప్పి లేదు, కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. ఎడమ అరికాలు మొద్దుబారాక డాక్టరు దాని పేరు చెప్పాడు, కుష్ఠు అని. సిరిసిల్లలో అందరూ తెలిసినవాళ్లే. అందుకని అమ్మ నన్ను నెలనెలా జగిత్యాల తీసుకుపోయి మందులిప్పించేది. ఎటు పోతున్నారని అడిగినవాళ్లకు పెళ్లిచూపులని చెప్పేది. ఏడాది తిరిగేసరికి జబ్బు నయమైంది, ఇన్ని చూపులకూ కుదరని పిల్లనని పేరూ పడింది. అరికాలికి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. పెళ్లి నేను చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను.

కాక ఆ దవాఖాన వెనక రేకుల షెడ్డులో కూర్చునేవాడు. కొడిమ్యాల దిక్కు మనిషి. స్పర్శ పోయిన కాళ్లకు చెప్పులు కుట్టడం ఆయన ఉద్యోగం. అడుగున మెత్తటి రబ్బరు, పైన పట్టీలు, అంతా దారమూ జిగురే. ఇనుపమొల ఒక్కటి కూడా కొట్టడు. చెప్పులో మొల పైకి తేలితే మీరు వెంటనే కాలు తీసేస్తారు. మాకు తెలియదు. ఇంటికొచ్చాక బండల మీద నెత్తురు చూసి, ఇదెక్కడిదని వెతుక్కుంటాం.

మొదటిరోజు కాగితం మీద కాలు పెట్టమన్నాడు. నేను చీర అంచు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అమ్మ తప్ప ఎవరూ ఆ కాలు ముట్టక ఏడాది దాటింది.

"ఇట్ల ఇయ్యి బిడ్డా. ముట్టుకునేటోనికి లేని సిగ్గు నీకెందుకు?" అని తనే పాదం ఎత్తి కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిలు గీశాడు. అప్పుడే మూడు పాఠాలు చెప్పాడు. అడుగులు చిన్నగా వెయ్యాలి. పొద్దుగూకే ముందు అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోవాలి. చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి మడమ నుంచి వేళ్ల దాకా తడమాలి. "కాలికి తెల్వంది చేతిని అడగాలె" అనేవాడు.

దవాఖానలో ఇచ్చే చెప్పులన్నీ ఒకే తీరుగా ఉండేవి. నల్ల పట్టీలు, మందపాటి అడుగు. అవి చూస్తే చాలు, బస్సులో పక్క సీటు ఖాళీ అయ్యేది. నాకు కోరుట్ల దగ్గరి బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు, ఇవి తొడుక్కుని పిల్లల ముందుకు పోలేనన్నాను. కాక తిట్టలేదు, వారం తర్వాత రమ్మన్నాడు. అంగట్లో ఆడవాళ్ల చెప్పులు కొని, వాటి పట్టీలు ఊడదీసి తన రబ్బరుకు కుట్టి, మందం కనపడకుండా అంచు చుట్టూ తోలు తిప్పాడు. మీద ఒక మెరుపు పువ్వు కూడా ఉంది. నాకు అట్లాంటి పూలు నచ్చవు. అయినా ఆ పువ్వును చూసి ఏడ్చాను.

ఆ చెప్పులు ఎంత బాగా కుదిరాయంటే, వాటిని ఎవరో ఎత్తుకుపోయారు. ఎండాకాలం బడి టీచర్లమంతా ఒక గుట్ట మీది గుడికి పోయాం. దర్శనం చేసుకుని వచ్చేసరికి నా జత లేదు. సంచిలో వేరే జత లేదు, వట్టి కాళ్లతో నడవకూడదని చెప్పే ధైర్యమూ లేదు. దర్శనానికి వట్టికాళ్లతో పోయిన మిగతావాళ్లు కాలే బండల మీద గంతులేసుకుంటూ తమ చెప్పుల దగ్గరికి పరుగెత్తారు. నేనొక్కదాన్నే, కుడికాలి మంట ఓర్చుకుని, నిమ్మళంగా ఆటో దాకా నడిచాను. "టీచర్‌కు ఎంత భక్తో చూడుండ్రి" అన్నది ఒకావిడ. నేను నవ్వాను కూడా.

మర్నాడు ఎడమ అరికాలంతా బొబ్బ. అది పుండై మానడానికి మూడు నెలలు పట్టింది. చెప్పులు పోయాయని విని మొదట కాక మురిసిపోయాడు. "దొంగకు గూడ నచ్చినయా" అన్నాడు. కట్టు విప్పి చూపించాను. పాదం ఒళ్లోకి తీసుకుని చూశాడు. "నా మురిపెం నీ కాలు కాల్చింది బిడ్డా" అన్నాడు. తప్పు ఆయనది కాదు, నాది. అప్పుడు ఆ మాట అనలేకపోయాను. అప్పట్నుంచి ఒకటి తొడుక్కోవడానికి, ఒకటి సంచిలో ఉంచుకోవడానికి రెండు జతలు కుట్టేవాడు.

తర్వాత తర్వాత జబ్బు తగ్గింది. నిజంగానే తగ్గింది. మా చిన్నప్పుడు బళ్లలో పిల్లల చొక్కాలు విప్పించి మచ్చలు చూసే సార్లు ఇప్పుడు రారు. ఆ పని మామూలు దవాఖానల్లో కలిసిపోయింది. షెడ్డు మూతపడింది. కాక రిటైరై బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే డబ్బాకొట్టు పెట్టుకున్నాడు. "రోగం పోయింది బిడ్డా, మంచిదే. మొద్దుబారిన కాళ్లు యాడికి పోతయి?" అనేవాడు. అమ్మ పోయాక నా సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కడే. ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. తిన్నావా, ఉన్నావా అనేది లేదు. "కాలు చూసుకున్నవా?" అంతే.

ఆయన ఒక్కసారే నా మీద కోపం చేశాడు. ఏటా దవాఖాన తరఫున ఆశా కార్యకర్త మా వాకిట్లోకొచ్చి, ఇంట్లో ఎవరికైనా మచ్చలున్నాయా, ఎన్నడన్నా ఉండెనా అని అడుగుతుంది. కాక కుట్టిన చెప్పుల మీద నిలబడి "లేవు" అంటాను. ఈ మాట ఒకసారి కాకకు గొప్పగా చెప్పాను.

"నాకు వచ్చింది, గోలీలు మింగితే పోయింది అని నువ్వు ఒక్కమాట చెప్తే, ఇంకొకలు భయపడకుంట మింగుతరు. చదువుకున్న నువ్వే దాస్తే వాళ్లేం జెయ్యాలె?" అన్నాడు.

"నీకేం కాకా, చెప్పులు కుట్టేటోనివి. తొడిగేది నేను" అన్నాను.

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కాక మాత్రం మరుసటి ఆదివారం ఎప్పటిలాగే ఫోను చేశాడు.

కాక పోయిన కబురు వచ్చిన ఆదివారమే జగిత్యాల బస్సెక్కాను. ఇంటి ముందు టెంటు, లోపల పాస్టరుగారి ప్రార్థన. నా చెప్పులు టెంటు బయట మిగతా వాటి పక్కన విడిచాను. గుమ్మం దగ్గర కాక బిడ్డ వచ్చినవాళ్లను పలకరిస్తోంది. నా ముందున్న పెద్దమనిషి "గిరాకిని" అన్నాడు. నేనూ అదే అన్నాను.

"పొద్దటి సంది అందరు గిరాకులే అస్తున్నరు" అన్నదామె. "మాకు ఎవ్వలు తెల్వదు. నాయిన ఇంట్ల ఎన్నడు గిరాకుల ముచ్చట తియ్యలె."

ప్రార్థన అయ్యాక అందరూ బయటికొచ్చారు. చుట్టాలు, ఇరుగుపొరుగు చెప్పుల్లో కాళ్లు దూర్చి నడిచిపోయారు. ఒక ముసలమ్మ మాత్రం వంగింది. చెప్పు చేతికి తీసుకుని, లోపల చెయ్యి పెట్టి, మడమ నుంచి వేళ్ల దాకా తడిమింది. అవతల గిరాకినన్న పెద్దమనిషి కూడా అట్లాగే తడుముతున్నాడు. ఇంకో ఇద్దరు. ఒక్కొక్కరి చెప్పులకు ఒక్కో రకం పట్టీలు, అంచు చుట్టూ తిప్పిన తోలు మాత్రం ఒకటే. ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే అనుకున్నాను. నా చెయ్యి కూడా చెప్పులోనే ఉంది.

"ఏందమ్మా, అందరు గట్ల తడుముతున్నరు?" కాక బిడ్డ నన్నే అడిగింది.

ముసలమ్మ తల దించుకుంది. పెద్దమనిషి ఎటో చూశాడు.

"కుష్ఠు వచ్చిపోయిన కాళ్లమ్మా మావి" అన్నాను. "ముల్లున్నా తెల్వదు. చేతితోని చూసుకొమ్మని మీ నాయిన నేర్పిండు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ముసలమ్మ వంగి, కింద ఉన్న నా రెండో చెప్పు ఎత్తింది. లోపల చెయ్యి పెట్టి మెల్లగా తడిమి, నా కాలి ముందు పెట్టింది. పేరు అడుగుదామనుకునేలోపే చందుర్తి బస్సుకు వేళైందని కదిలింది. ఎండలో, ఎవరూ తోడు లేకుండా, చిన్న చిన్న అడుగులేసుకుంటూ పోయింది.