రెండో పిడికెడు

ఈ ఉదయం ఆదోనిలో మా వంటింటి మేకుకు వేలాడే అవ్వ సంచిని దులిపితే, పాత బియ్యం వాసనతో పాటు నూలుకు పెట్టే గంజి వాసన కూడా గుప్పుమంది. మగ్గం మీద మిగిలిన ముక్కతో అవ్వ తనే కుట్టుకున్న సంచి అది. నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా ఇంట ఎసరు పెట్టిన ప్రతిసారీ అందులో దేవునికని ఒక పిడికెడు బియ్యం పడేది. ఆదివారం దాన్ని చర్చి గంపలో ఒంపితే, లేనివాళ్ల ఇళ్లకు పోయేది.

క్రిస్మస్‌కు కజ్జికాయలు, మట్టల ఆదివారానికి చేతులు గీరుకుపోయే ఈత మట్టలు, ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల మీద మల్లెపూలు, కొవ్వొత్తులు, ఇంటికొస్తే నెయ్యి ఓడే భక్ష్యాలు. ఈస్టరుకు ముందు, ఎండలు ముదిరి నేల నెర్రెలిచ్చే రోజుల్లో, నలభై దినాల ఉపవాసాలు. పిల్లలం మాంసం మానేసి అదే గొప్పగా చెప్పుకునేవాళ్లం. అవ్వ మాత్రం రాట్నం ముందు కూర్చుని, పాట ఆపకుండా మగ్గానికి నూలు కండెలు చుడుతూ, పొద్దుగూకేదాకా మంచినీళ్లతోనే గడిపేది. అంత సన్నటి మనిషిలో అంత బలం ఎక్కడిదా అని నోరు తెరుచుకుని చూసేదాన్ని.

నా తొమ్మిదో ఏట ఒక గుట్టు తెలిసింది. సాయంత్రం బియ్యం కొలిచేటప్పుడు అవ్వ తన వంతు కూడా సంచిలోనే పోసేసి, అందరూ తిన్నాక మిగిలిన రెండు ముద్దలతో సరిపెట్టుకుంటోంది.

"మీ యమ్మకు సెప్పొద్దు పాపా. ఇది నాకూ దేవునికీ మధ్యన" అంది.

అంత పెద్ద రహస్యంలో నాకూ చోటు దొరికిందని పొంగిపోయాను. అవ్వ గాజులు మోచేతి దాకా జారడం చూసి కూడా ఊరుకున్నాను.

ఆ ఏటి శుభ శుక్రవారం, మూడు గంటల పాటు సాగే ఆరాధనలో, తెల్లచీరల ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్న అవ్వ సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోదాని దగ్గర నా ఒళ్లోకి ఒరిగిపోయింది. మొహాన నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది కానీ, మజ్జిగ గ్లాసు అందిస్తే ఉపవాసమని పళ్లు బిగించింది. అవ్వ చచ్చిపోతుందనుకున్నాను.

"అవ్వ తినడంల్యా! బియ్యమంతా సంచిలో పోస్తాంది!" అని ఏడుస్తూ అరిచేశాను.

చర్చి పాస్టరు అయ్యగారి భార్యను అందరం అమ్మగారనే పిలిచేవాళ్లం. ఆమె లేచి, గంపలోంచి ఇంత బియ్యం తీసుకుపోయి, ఉప్పేసి గంజి కాచి తెచ్చింది.

"దేవునికిచ్చింది గదమ్మా, నేనెట్ల తాగేది?"

"లేనోళ్లకని ఇచ్చినావు గదవ్వా. ఈ పొద్దు నీకంటే లేనోళ్లు ఈడ ఎవురుండారు?"

అవ్వ ఆ గిన్నెకేసి చూసింది. తర్వాత రెండు చేతులూ చాచి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అందుకున్నట్టే అందుకుంది. చర్చి అంతటా అవ్వ గుటకలే వినబడ్డాయి. ఆ తర్వాత ఎన్ని పండుగలు చూసినా, దేవుడు అంత దగ్గరగా వచ్చి కూర్చున్నట్టు ఎన్నడూ అనిపించలేదు.

మరుసటి రోజు నుంచి అవ్వ మొదటి పిడికెడు సంచిలో వేసేది. రెండోది ఎసట్లో వేస్తూ, ఇల్లంతా వినబడేలా, "ఇది నాకు" అనేది.

ఇప్పుడు అవ్వ లేదు, రాట్నం లేదు. చర్చిలో గంప కూడా లేదు, కానుకలు ఫోన్లోనే పంపేస్తున్నారు. నాకు షుగరు. పూట తప్పించొద్దని డాక్టరు చెప్పినా, ఈ నలభై దినాల్లో అందరి మధ్య తినడానికి సిగ్గుపడి నిన్న మధ్యాహ్నం మానేశాను. సాయంత్రానికి చేతులు వణికి, గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. ఈ ఉదయం సంచి దించింది అందుకే.

ఒక పిడికెడు అందులో వేశాను. రెండోది ఎసట్లో వేస్తూ, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా, పైకే అన్నాను: "ఇది నాకు."