ఏం కట్టెనో చెప్పుండ్రి

సూర్యాపేట మార్కెట్ వెనక రేకుల షెడ్డులో కట్టె పెన్నులు చేసేటాయనకు ఒక అలవాటు. పెన్ను చేతిలో పెట్టి, “ఏం కట్టెనో చెప్పుండ్రి సార్” అంటడు. నల్లతుమ్మనో, చండ్రనో, తునికినో బరువు చూసి, వాసన చూసి చెప్పాలె. రిటైరైనంక నాకు అదొక సరదా అయింది. ఎన్నడూ తప్పు చెప్పలేదు.

పోయిన నెల మామూలుకన్న సన్నటి పెన్ను ఒకటి ఇచ్చిండు. నున్నగ ఉన్నది, వాసన లేదు. జిట్రేగి అన్న. కాదన్నడు. నారేప అన్న. నవ్విండు.

“మీదే సార్. మీ రూళ్లకర్ర.”

కోదాడ దగ్గరి పల్లెబడిలో నేను పంతులుగ ఉన్నప్పుడు, ఏడో తరగతిలో ఆయన వేళ్ల మీద అది విరిగిందట. ఆ ముక్క ఏరుకొని ఇన్నేండ్లు దాచుకున్నడట. అప్పుడు చూసిన, ఆయన చూపుడువేలు వంకర. ఇన్నిసార్లు వచ్చి కట్టెనే చూసిన గనీ చెయ్యి చూడలేదు.

ఆ దెబ్బ నాకు యాదికి కూడ లేదు. “ఎందుకు కొట్టిన?” అని అడిగిన.

ఆయన పెన్నులో సిరా నింపుకుంట మెల్లగ చెప్పిండు.

“పెన్ను తెచ్చుకోలేదని సార్.”