సాంచల ఇంట్లో ఫోను బడి

మంజులను తిట్టేవాళ్లు మా వాడలో ఇంకా ఉన్నారు. "కన్నతల్లివి, గంత సోయి లేదా?" అంటారు. వాళ్ల నోట్లో మన్ను పడ! సాంచల ఇంట్లో ఒక్క పూట కాపురం చేసి వచ్చి అప్పుడు మాట్లాడమనండి. నేను ఆ ఇంటితో గోడ పంచుకుని బతుకుతున్నదాన్ని, నా పేరు గంగుబాయి. నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. విన్న తర్వాత ఎవరికి తోచింది వాళ్లు అనుకోండి.

మాది చొప్పదండి. కరెంటుతో నడిచే మగ్గాలను మేము సాంచలంటాం. మంజుల పెనిమిటి అంబదాస్ ఇంట్లో ముందు గది నిండా సాంచలే, వెనక గదిలో మనుషులు. అవి ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు. అందుకని మా ఇళ్లలో మాటకు గొంతు వాడం. మనిషికి ఎదురుగా పోయి, భుజం తట్టి, పెదవులు బాగా విప్పి మాట్లాడతాం. అవతలివాళ్లు ఆ పెదవులు చూసి జవాబు చెబుతారు. వెనక నుంచి ఎవరినీ పిలవం, పిలిస్తే గొంతు నొప్పి తప్ప లాభం లేదు. పుట్టినింట్లో నేర్చిన అలవాటు, మాకు అదొక విద్య అని కూడా తోచదు.

మంజులకు మాత్రం తోచింది. ఆమె జమ్మికుంట పిల్ల, వాళ్ల నాన్న పత్తి మార్కెట్లో హమాలీ. కొత్త కోడలిగా వచ్చిన నెలలోనే నా దగ్గర కూర్చుని వలవలా ఏడ్చింది.

"అక్కా, మా అత్త నోరు ఆడిస్తది. నన్ను తిడుతుందో, బువ్వకు పిలుస్తుందో తెలుస్తలేదు."

"తెలిసినంక ఇంకా ఏడుస్తవు గానీ, ఊకో పిల్లా!" అన్నాను. ఆ అత్త నోరు అలాంటిది మరి, పోయినామెను అనకూడదు గానీ. ఏడాది తిరిగేసరికి మంజుల నాలుగు సాంచల అవతలి నుంచే "తిన్నవా అక్కా?" అని పెదవులతో అడిగేంత నేర్చింది.

ఆమెకు ఒక్కతే బిడ్డ, ప్రవళిక. ఆ పిల్ల ఉయ్యాల సాంచల పక్కనే ఊగింది. మాటలు తొందరగానే వచ్చాయి, తల్లిని అవ్వా అని పిలిచేది. మూడో ఏట పెద్ద జ్వరం తగిలి లేచింది. ఆ తర్వాత పిల్ల నెమ్మదైపోయింది. అల్లరి లేదు, పేచీ లేదు, పట్టపగలు సాంచల హోరులో హాయిగా నిద్రపోయేది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాం. దిష్టి తగులుతుందని నేనే బుగ్గన చుక్క పెట్టాను.

మంజులకు ఒకటే పట్టుదల. "నా బిడ్డ కండెలు చుట్టద్దక్కా. ఇంగ్లీషు సదువాలె, కుర్సీల కూసుండాలె," అనేది. నూలు కండెలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్లు కాయలు కాసి ఉన్నాయి. ఊళ్లోని ఇంగ్లీషు బడిలో వేసింది. అక్కడ అందరితో పాటు గుంపులో అరిచి వచ్చేది పిల్ల. సరిగ్గా ఒకటో తరగతికి పోయే వేళకు కరోనా వచ్చి పడింది. బడికి తాళం పడి, చదువు ఫోనులోకి వచ్చింది.

మిస్సు పేరు మమతారాణి, కరీంనగర్‌లో తన ఇంటి నుంచి పాఠం చెప్పేది. మంచి మనిషే. కానీ మొదటి రోజే, "ఎవరింట్లో ఆ సౌండ్? ప్రవళిక మమ్మీ, మ్యూట్ చేయండి ప్లీజ్" అంది. మిగతా పిల్లల తల్లులు ముఖాలు చిట్లించడం ఫోనులో వాళ్ల బొమ్మల్లో కనబడుతూనే ఉంది. మంజుల సిగ్గుతో చచ్చిపోయింది. లేచి మొగుడికి ఎదురుగా వెళ్లి నిలబడింది.

"క్లాసు అయ్యేదాంక సాంచలు బందువెట్టు."

"బందువెడితే బువ్వెట్ల? నీ బిడ్డ సదువు తింటమా?"

"అవును, తింటం. రేపు అదే పెడ్తది మనకు."

రెండు రోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మూడో రోజు అంబదాస్ తనంతట తానే సాంచలు ఆపాడు. బిడ్డ మీద ప్రేమ లేని మనిషి కాదు, నోరే దురుసు. పొద్దున ఆగిన పని సాయంత్రం పూడ్చుకునేవాడు. అప్పటి నుంచి పొద్దుటి పూట ఆ ఇల్లు చావు జరిగిన ఇల్లులా ఉండేది. పొయ్యి మీద అన్నం, ఒళ్లో నూలు, ఎదురుగా ఫోను, పక్కన బిడ్డ. ఇంగ్లీషు ముక్క రాకపోయినా మంజుల అక్కడి నుంచి కదిలేది కాదు. ఎసరు పొంగితే పరుగెత్తి దించి, మళ్లీ పరుగెత్తుకు వచ్చి కూర్చునేది.

ప్రవళిక ఫోనుకు ముక్కు ఆనించి కూర్చునేది. మిస్సు ముఖం నుంచి చూపు తిప్పేది కాదు. మమతారాణి మెచ్చుకునేది కూడా. అయితే, మిస్సు ముఖం పోయి పుస్తకంలో బొమ్మలు వచ్చాయంటే పిల్ల నోరు పడిపోయేది. మిస్సు నాలుగుసార్లు పేరు పెట్టి పిలిచినా పలికేది కాదు.

"చెవులల్ల సీసం పోసుకున్నవానే! మిస్సు పిలుస్తుంది, ఇనవడ్తలేదా?" అని తొడపాశం పెట్టేది మంజుల. ఒకటి రెండుసార్లు వీపున కూడా వేసింది. నేను అడ్డం పడ్డాను.

"పసిదాన్ని ఎందుకే కొడతవు?"

"దీని కోసం మేం సాంచలు ఆపుకుంటిమక్కా. ఇది ఇంత ధ్యాస పెట్టకపోతే ఎట్ల?" అని కళ్లు తుడుచుకుంది. కొట్టేదీ తనే, ఏడ్చేదీ తనే.

ఒకరోజు పొద్దున నేను మజ్జిగ కోసం వాళ్లింటికి పోయాను. క్లాసు నడుస్తోంది. అంబదాస్ స్నానానికి పోయాడు. మంజుల వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి ఆగి చెవి రిక్కించింది. చిలక్కొయ్యకు తగిలించిన అంబదాస్ చొక్కా జేబులోంచి సన్నగా మమతారాణి గొంతు వస్తోంది! అతను చెవిలో పెట్టుకుని ఫోను మాట్లాడే బ్లూటూత్ ఆ జేబులో ఉంది. ఆపడం మరిచాడు, మిస్సు మాటలన్నీ అందులోకి పోతున్నాయి.

"అక్కా, సూడు! మిస్సు మా ఆయన జేబుల దూరింది," అని మంజుల పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పుడే ప్రవళిక "ఎస్ మిస్! యాపిల్ ఈజ్ రెడ్!" అని గట్టిగా చెప్పింది. ఫోనులో మమతారాణి మెచ్చుకోలుగా తల ఊపింది.

మంజుల నవ్వు ఆగిపోయింది. మెల్లగా పోయి ఫోను దగ్గర వంగి విన్నది. ఫోనులోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. జేబులో గొంతేమో పిల్లకు దూరం, మాకే లీలగా తెలుస్తోంది. మరి పిల్ల దేనికి జవాబు చెబుతోంది?

మంజుల బిడ్డ వెనకాల నిలబడి "ప్రవళికా" అంది. పిల్ల కదలలేదు. "ఓ ప్రవళికా!" అని అరిచింది. నేనూ అరిచాను. సాంచలు ఆగి ఉన్నాయి, ఇల్లంతా మా అరుపే. ఇత్తడి చెంబు తీసి నేలకేసి కొట్టింది మంజుల. ఆ మోతకు అంబదాస్ తడి ఒంటితో పరుగెత్తుకొచ్చాడు. పిల్ల రెప్ప కూడా ఆర్పలేదు.

ఫోనులో ఒక మూల పిల్ల బొమ్మ చిన్నగా కనబడుతుంది కదా. అందులో వెనకాల నిలబడ్డ తల్లి కూడా కనబడుతోంది. మంజుల ఇంకోసారి పిలిచింది. ఆ మూల బొమ్మలో తల్లి పెదవులు కదలడం చూసి, పిల్ల చటుక్కున వెనక్కి తిరిగింది.

"ఆఁ అవ్వా?" అంది నవ్వుతూ.

మంజుల బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. నా గుండె పగిలిపోయింది, చెబుతున్నాను కదా, ఇప్పటికీ ఆ "ఆఁ అవ్వా" తలుచుకుంటే అన్నం దిగదు.

కరీంనగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి నేనూ వెంట పోయాను. పిల్లకు ఏవేవో తగిలించి పరీక్ష చేశాడు. వినికిడి చాలావరకు పోయింది, చాలా రోజుల కిందటే, అన్నాడు. జ్వరం వల్ల కావచ్చు, చప్పుడు వల్ల కావచ్చు, ఇదీ అని చెప్పలేనన్నాడు.

"ఇన్నాళ్లు పాప మీ మాటలు వినలేదమ్మా, చూసింది. ఇంత స్పష్టంగా పెదవులు చదవడం ఎవరు నేర్పారు?"

ఎవరు నేర్పారు! మేమే నేర్పాం. ఇల్లంతా ఒకే తీరుగా మాట్లాడుతుంటే, వినబడక చూసేదెవరో, వినగలిగీ చూసేదెవరో ఎట్లా తెలుస్తుంది? చెవికి మిషను పెడితే చప్పుడు తెలుస్తుంది గానీ మాట తెలియడం కష్టమన్నాడు.

"ఇనరాని దాన్ని పట్టుకోని ఇనవా అని కొట్టిన్నక్కా," అని మంజుల బస్సులో దారి పొడుగునా ఒకటే మాట. మిషను వచ్చిన రోజు అంబదాస్ దాన్ని పిల్లకు పెట్టి, తెలియక సాంచ ఆడించాడు. పిల్ల కెవ్వున అరిచి, మిషను పీకేసి వీధిలోకి ఉరికింది. ఆయన సాంచ ఆపి దానికే తల ఆనించి ఏడ్చాడు. మగాడు అలా ఏడవడం నేను చూడలేదు.

విషయం తెలిశాక మమతారాణి మిస్సు ఎంత మారిందనుకున్నారు! ముఖం దగ్గరగా పెట్టి, మాట విడదీసి విడదీసి చెప్పేది. బొమ్మ చూపించే ముందు తను కనబడి చెప్పేది. పిల్ల వికసించింది. చదివింది, రాసింది, పరీక్షలో ముందుంది. ఏ మిషనూ చేయని పని ఆ అరచేతంత ఫోను చేసింది. మంజుల ముఖంలో మళ్లీ నవ్వు చూశాను.

మరుసటి ఏడు వానాకాలంలో బళ్లు తెరుస్తారన్నారు. వాడంతా పండుగ చేసుకుంది. తల్లులందరూ పీడ విరగడైందని దండాలు పెట్టుకుంటుంటే, మంజుల మాత్రం దేవుడి పటం ముందు నిలబడి, "ఇంకొన్ని రోజులు తెరవకుండ చెయ్యి తండ్రీ" అని మొక్కుకుంది. నేను కోప్పడ్డాను.

"పిచ్చిదానా, రెండో తరగతికీ మమతారాణి మిస్సే అంట గదా. ఫికర్ ఎందుకు?"

ప్రవళిక ఆగలేదు. కొత్త రిబ్బన్లు కట్టించుకుంది. మిస్సును నిజంగా చూస్తానని వాడంతా చెప్పుకు తిరిగింది. తల్లి చెయ్యి విడిపించుకుని బడిలోకి ఉరికింది. సాయంత్రం మేమిద్దరం గేటు దగ్గర నిలబడ్డాం. పిల్ల అందరికంటే వెనక, కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. ఆ వెనకే మమతారాణి వచ్చింది. ముక్కూ నోరూ మూస్తూ మాస్కు. పిల్లలకు మాస్కు, ఆయాకు మాస్కు, గేటు కాసేవాడికి మాస్కు.

"ప్రవళిక మమ్మీ, నేను ఒకటి రెండుసార్లు మాస్కు కిందికి దించి చెప్పాను. కానీ పెద్దసారు ఒప్పుకోవట్లేదండి, మిగతా పేరెంట్స్ గొడవ చేస్తున్నారు," అని ఆ మిస్సు కూడా కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరిని తిట్టాలో నాకు తోచలేదు. నాకు తిట్లు దొరకని రోజు అదొక్కటే.

మంజుల తన మాస్కు పీకేసి, బిడ్డకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. "ఏమైంది బిడ్డా?" అని పెదవులతో అడిగింది.

పిల్ల తల్లి పెదవులు చూసింది.

"మిస్సు నాతోని మాట్లాడుతలేదవ్వా. ఎవ్వళ్లు మాట్లాడుతలేరు. నన్ను మల్ల ఫోన్ల బడికి తోలు."