మబ్బులకు పొగ, పందిరికి వల

మా అక్క మరిది మేఘమథనం కంపెనీలో పనిచేస్తాడు. గుట్టమీది పొయ్యిలో మందు కాల్చి, ఆ పొగను మబ్బుల్లోకి పంపుతాడు. అలా చేస్తే వడగళ్లు పెరగవని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. అది నమ్మి అక్క తన ద్రాక్షతోటకు వడగళ్లు ఆపే వల కొనలేదు.

నిన్న గుమ్మడికాయలంత వడగళ్లు పడ్డాయి. సరే, నిమ్మకాయలంత. సగం గుత్తులు నేలపాలయ్యాయి. అక్క తీగలు కోసే కత్తెరతోనే మరిది ఇంటికి నడిచింది. వెనకే నేను.

“పొగ పెట్టకపోతే ఇంకా పెద్దవి పడేవి వదినా.”

“ఆ పడనివాటిని నువ్వు కొలిచొచ్చావా?”

అంతలో ఆమె చూపు పెరట్లోకి పోయింది. అతని ద్రాక్షపందిరి మీద కొత్త వడగళ్ల వల బిగించి ఉంది. కింద ఒక్క కాయ రాలలేదు.

“ఇదేంటయ్యా?”

“అదీ... పిట్టల కోసం.”

“ఏ పిట్టలు? ఏనుగంతవా?”

అక్క తాళ్లన్నీ కత్తిరించి, వల చుట్టి నా భుజాన పడేసింది. “మిగిలిన నా గుత్తులకు ఇది చాలు. పద తమ్ముడూ.”

“వదినా, సాయంత్రం మళ్లీ మబ్బు పట్టేలా ఉంది!”

“అయితే పోయి పొయ్యి వెలిగించుకో.”