మిన్ను గొర్రె

అబద్ధం చెప్పేవాడు పోయిన బిడ్డ మీద ఒట్టు వేయడు. నేను వేస్తున్నాను. నా బిడ్డ మిన్ను మీద ఒట్టు... ఆ రాత్రి విన్నది విన్నట్టే చెబుతున్నాను. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత మీకు నవ్వు రాదు.

తెలంగాణ రాకముందు సంగతి. అప్పటికి మాదంతా నల్గొండ జిల్లానే. పాలకీడు దగ్గర పల్లె, గొర్రెల ఇల్లు. నేను చదువుకుని మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబులో చేరాను. లిస్సీ అక్కడ నర్సు. కేరళ పిల్ల. తెలుగంతా వార్డులోనే నేర్చింది. "జర ఓపిక పట్టు పెద్దమ్మా, సూది దిగింది గూడ తెల్వదు నీకు" అంటూ ముసలమ్మలను బుజ్జగిస్తుంటే చూసి పడిపోయాను. పెళ్లికి మా నాయన మూతి ముడిచాడు. మిన్ను పుట్టాక ఆ ముడి దానంతటదే విడిపోయింది.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. బిడ్డకు పుట్టెంట్రుకలు తీసిన రోజు తాత మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లను ఆ బిడ్డ పేరు మీద విడుస్తాడు. ఇక అదీ, దాని పిల్లలూ ఆ బిడ్డవే. మందలో దాన్ని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. అట్లా మాకు ఇద్దరు మిన్నులయ్యారు. ఊరికి వెళ్తే పిల్లకు ఒకటే పని... తన గొర్రెకు ఉప్పు పెట్టడం. పెట్టాలని ఆశ, నాలుక తగులుతుందని భయం. అందుకని లిస్సీ తన అరచేయి కింద పట్టేది. అందులో మిన్ను చెయ్యి. ఆ చేతిలో ఉప్పు. గొర్రె నాకుతుంటే తల్లీబిడ్డలు కలిసి కిలకిలా నవ్వేవాళ్లు.

మూడేళ్లు నిండకుండానే మిన్ను జ్వరంతో పోయింది. లిస్సీ ఏడవలేదు. ఎందరి పిల్లలకో సేవ చేసిన చేతులు కదా... వాటినే చూసుకుంటూ కూర్చునేది. కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి వస్తానని వెళ్లింది. ఎండాకాలం పోయి మళ్లీ వానలు పడ్డాయి. రాలేదు. ఫోన్ చేస్తే "తిన్నవా?" అని అడిగేది. అంతే. బిడ్డ పేరు మాత్రం ఆమె నోట మళ్లీ వినలేదు.

తీసుకొద్దామని బయల్దేరాను. రైలెక్కించడానికి మిర్యాలగూడ స్టేషన్‌కు నాయన వచ్చాడు.

"కోడల్ని ఒక్క మాట అడుగు బిడ్డా. మిన్ను గొర్రెనేం జేద్దాం? మందల ఉంచాల్నా, ఇచ్చెయ్యాల్నా? ఆమెనే చెప్పాలె. నాతోటి గాదు."

తలూపాను. ఉంచమంటే వస్తుంది. ఇచ్చేయమంటే... ఇక రాదు. నాకట్లా అనిపించింది.

లిస్సీ అన్న జోబీ వాళ్ల ఊరి దగ్గరే, చుట్టూ నీళ్లున్న ఒక చిన్న దీవిలో రిసార్టు చూసుకుంటాడు. వానలకు గిరాకీ లేదు. మీ ఇద్దరే మాట్లాడుకోండని ఒక కాటేజీ ఇచ్చాడు. పడవ తప్ప దారి లేని చోటు. ఎటు చూసినా కొబ్బరిచెట్లు, వల ఊయలలు, స్ట్రాలు గుచ్చిన బోండాలు. నాకు ఆ ఊయలలో పడుకోవడం చేతకాక కింద పడ్డాను. మళ్లీ పడ్డాను. ఆ తర్వాత లిస్సీ నవ్వుతుందేమోనని కావాలనే పడ్డాను. ఆమె చెయ్యందించి లేపింది... నవ్వలేదు.

రాత్రి అన్నం దగ్గర అడుగుదామనుకున్నాను. గొర్రె అనబోయి, చేపల కూరలో ఉప్పు తక్కువైందని ఏదో అన్నాను. ఆమె ఉప్పు గిన్నె నా వైపు జరిపింది.

నడిరాత్రి మెలకువ వచ్చింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. వాన వెలిసినట్టుంది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి... టప్... టప్... అప్పుడొచ్చింది వాసన.

తడిసిన ఉన్ని వాసన.

గొర్రెల మధ్య పెరిగినవాణ్ణి. ఆ వాసన నాకు అమ్మ చీర వాసనంత తెలుసు. ఒక్క క్షణం ఊళ్లోనే ఉన్నాననుకున్నాను. నాయన మందను కొట్టంలోకి తోలాడనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది... ఇది దీవి. చుట్టూ నీళ్లు.

బయట చెక్కల దారి మీద చప్పుడు. టక్... టక్... ఆగింది. మళ్లీ టక్... చిన్న గిట్టలు. కిటికీ కిందికొచ్చి ఆగాయి. ఆపైన మెత్తగా... అటూ ఇటూ దవడ కదులుతున్న చప్పుడు. నెమరు. మీకైతే ఆకులు రాసుకున్నట్టు వినిపిస్తుందేమో. నాకు కాదు.

పక్కకు చెయ్యి చాపాను. పక్క ఖాళీగా ఉంది.

తలుపు సందులోంచి చూశాను. లిస్సీ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. వీపు నా వైపు. కుడిచెయ్యి ముందుకు చాపి ఉంది. మబ్బు చాటు వెన్నెలలో ఆ చెయ్యి ఒక్కటే తెలుస్తోంది. అరచేయి పైకి... వేళ్లు కొద్దిగా ముడిచి... లోపల ఇంకో చిన్న చెయ్యి ఉంటే, అది జారకుండా పట్టుకున్నట్టు.

ఆ చేతిలో నాకేమీ కనిపించలేదు. ఆమె ఎదుట ఏ జీవమూ కనిపించలేదు. కానీ చప్పుడు వినిపిస్తోంది... గరుకు నాలుక ఉప్పును నాకుతున్న చప్పుడు.

భయపడితే మనుషులు దేవుణ్ణి తలుస్తారు. నేను చేసిన పని వేరు. తప్పిపోయిన గొర్రెను మా నాయన పిలిచినట్టు, నాలుక మడిచి "ట్ర్ర్ర్..." అన్నాను. ఎందుకన్నానో తెలియదు. చిన్నప్పటి అలవాటు.

చప్పుడు ఆగిపోయింది. చూరు చుక్కలు కూడా ఆగినట్టనిపించింది.

లిస్సీ వెనక్కి తిరగలేదు. చెయ్యి దించలేదు. చాలా నెమ్మదిగా అంది...

"గట్ల పిల్వకు. బెదురుతది."

తన చేతి వైపు వంగి, "మిన్నూ... ఏం గాదు. నేను పట్టుకున్న గద" అంది.

నేను తలుపు తీయలేదు. భయమే, దాచను. కానీ తలుపు తీస్తే ఆ చేతిలో ఉన్నది పోతుందేమోనని కూడా ఆగాను. అట్లాగే తలుపుకు ఆనుకుని కూర్చున్నాను. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు.

తెల్లారి చూస్తే లిస్సీ మంచం మీద పడుకుని ఉంది. అరచేతికి ఎర్రగా మరక. మా మందకు గుర్తుగా గొర్రెల వీపుల మీద పెట్టే జాజు రంగు అట్లాగే ఉంటుంది. ఉప్పు గిన్నె మెట్టు మీద ఖాళీగా ఉంది. జోబీని అడిగితే నవ్వాడు. వరండాది ఎర్ర గచ్చు, తడిస్తే రంగు వదులుతుందన్నాడు. ఉప్పు వానకు కరిగిపోయి ఉంటుందన్నాడు. ఈ దీవిలో గొర్రె కాదు, మేక కూడా లేదన్నాడు. అన్నీ నిజమే కావచ్చు.

తిరిగొచ్చే పడవలో లిస్సీ నీళ్లనే చూస్తూ కూర్చుంది. నేనింకా ఏమీ అడగలేదు. తనే అంది.

"మామకు ఫోన్ చెయ్. మిన్ను గొర్రెను ఎవరికీ ఇయ్యొద్దని చెప్పు. ఇగ నేనొచ్చి ఉప్పు పెడ్త."

అన్నాక ఏడ్చింది. బిడ్డ పోయాక మొదటిసారి ఏడ్చింది. పడవ నడిపేవాడు ఇంజన్ ఆపేసి, ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

నాయనకు ఫోన్ చేశాను. మంద అప్పుడు మఠంపల్లి వైపు మేతకు పోయి ఉంది. రాత్రి ఏమన్నా అయిందా, మిన్ను గొర్రె మందలోనే ఉందా అని అడిగాను. "ఏం గాలే బిడ్డా. అన్నీ గీడనే ఉన్నయ్. ఎందుకట్ల అడుగుతున్నవ్?" అన్నాడు. మిన్ను గొర్రెను ఎవరికీ ఇయ్యొద్దని కోడలు చెప్పిందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు కోదాడలో ఉంటున్నాం. ఊరికి వెళ్లినప్పుడల్లా లిస్సీ గొర్రెకు ఉప్పు పెడుతుంది. ఉప్పు తన ఎడమచేత్తో పోస్తుంది. కుడిచెయ్యి మాత్రం అట్లాగే, లోపల జాగా వదిలి పట్టుకుంటుంది.

ఆ రాత్రి నీకేం కనిపించిందని ఇంతవరకూ అడగలేదు. ఏమీ కనిపించలేదంటే తట్టుకోగలను. మిన్ను వచ్చిందంటేనే... నేనేం చేయాలి? తలుపు సందులోంచి అంతసేపు చూశాను. గొర్రె చప్పుడు విన్నాను, వాసన పట్టాను. నేనూ ఆ బిడ్డకు నాయననే కదా... నాకెందుకు కనపడలేదు?