మగ్గానికి చల్లిన నీళ్ళు

నా చిన్నప్పుడు మేము కువైట్‌లో ఉండేవాళ్ళం. ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆ వేసవిలో నాకు ఏదీ అర్థమయ్యేది కాదు. బడి ఎందుకు మూశారో, షువైఖ్‌లో నాన్న పనిచేసే గ్యారేజీ ఏమైందో, కుళాయిలో నీళ్ళెందుకు రావో అడిగితే పెద్దవాళ్ళు విసుక్కునేవారు. వాళ్ళకూ తెలియదని నాకప్పుడు తట్టలేదు.

మా పై వాటాలో మొరాకో పెద్దమ్మ ఉండేది. అందరితో అరబ్బీలోనే మాట్లాడేది. మగ్గం ముందు కూర్చుని తివాచీ నేసేటప్పుడు మాత్రం ఇంకేదో భాషలో పాడుకునేది. అది తన అమ్మ భాషట, మొరాకోలో అమాజిగ్ అనే జాతివాళ్ళదట. ఏ బడిలోనూ చెప్పరట; ఆడవాళ్ళే మగ్గం దగ్గర కూతుళ్ళకు నేర్పుకుంటారట. ఆమెకు కూతుళ్ళు లేరు. అందుకేనేమో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాట అనమనేది. తెలుగే సరిగ్గా రాయడం రాని నాకు ఇదేం గొడవో తెలిసేది కాదు.

ఒకరోజు, మరునాడే బస్సులో జోర్డాన్ వెళ్ళిపోవాలన్నారు, మాతోపాటు పెద్దమ్మ కూడా. ఎడారి దారికని అందరం కలిసి దాచిన నీళ్ళ డబ్బా ఆమె ఇంట్లోనే ఉంది. అమ్మా నేనూ పైకి వెళ్ళి చూస్తే, పెద్దమ్మ ఆ నీళ్ళే దోసిట్లోకి తీసుకుని, సగమే నేసిన తివాచీ మీద చల్లుతోంది!

“తాగేదానికే లేవు గదా, దారాలకు పోస్తాండావేందక్కా!” అమ్మ తెలుగులోనే మండిపడింది.

పెద్దమ్మకు మాటలు కాకపోయినా కోపం అర్థమైంది. మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ దీనికి ప్రాణం ఉంటుంది, పూర్తికాకుండానే కోసేస్తున్నాను, నీళ్ళివ్వకుండా ఎలా పంపను అని అరబ్బీలో మెల్లగా చెప్పింది.

ఇళ్ళల్లో పనిచేసి అరబ్బీ నేర్చుకున్న అమ్మ డబ్బా దగ్గరికి వెళ్ళింది. పోయేవాళ్ళ నోట్లో మనమూ తులసి నీళ్ళు పోస్తాం గదా అని గొణుక్కుని, తనూ ఓ దోసెడు చల్లింది. ముఖం కడుక్కున్నందుకు పొద్దున నా వీపు వాయించిన అమ్మేనా అని నోరెళ్ళబెట్టాను. పెద్దమ్మ పాడుతూ దారాలు కోసింది. నన్నూ పాడమంది. ఇద్దరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను, ఎందుకో తెలియకుండానే.

దారిలో అమ్మ తన వంతు నీళ్ళు నాకే తాగించింది. జోర్డాన్ శిబిరంలో, చుట్టిన తివాచీని చంకన పెట్టుకుని పెద్దమ్మ జనంలో కలిసిపోయింది. మళ్ళీ కనిపించలేదు.

ఆ పాటకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. తప్పు పలికినా దిద్దేవాళ్ళు లేరు. కుట్టిన బట్ట దారం తెంపేటప్పుడల్లా నోటికి వచ్చేస్తుంది. మొన్న మా మనవరాలు బొమ్మకు గౌను కుట్టి, దారం తెంపుతూ అదే పాట గొణిగింది. నేను నేర్పినట్టు గుర్తే లేదు. ఏం చేయాలో తోచక గ్లాసుతో నీళ్ళు తెచ్చి దాని పక్కన పెట్టాను.

“తాగాల్నా అవ్వా?” అంది.

“చల్లు” అన్నాను.